మూడణాలు - పదిహేనణాలు

1963 ఆగస్టు నెలలో మా ఇంట్లో విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడల్లా పార్లమెంటు ప్రస్తావనే. రాజకీయాలంటే గిట్టని మా బామ్మ కూడా చెవి ఒగ్గి వినేది. కారణం లేకపోలేదు. ఆ ఏడాది జనవరిలో బంగారం మీద ఆంక్షలు వచ్చాయి. పధ్నాలుగు కారెట్లకు మించిన నగ కొత్తగా చేయించడానికి వీల్లేదన్నారు. మా అక్కయ్యకు అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. మేలిమి బంగారం లేకుండా పెళ్ళేమిటని బామ్మ బెంగ. చైనాతో యుద్ధం అంతకుముందు ఏడాదే ముగిసింది. దాని బరువు పన్నుల రూపంలో, నిర్బంధ డిపాజిట్ల రూపంలో ఇళ్ళ మీదకు దిగుతోంది. కనుక ఢిల్లీలో ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారంటే ఆవిడకది బంగారం కబురుగానే వినిపించింది.

మాది గుంటూరు జిల్లాలో ఒక తాలూకా ఊరు. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మేష్టారు. వసారాలో గాంధీగారి పటం పక్కనే నెహ్రూగారి పటం ఉండేది. దాన్ని తుడిచే పని నాది. నాకప్పటికి పన్నెండేళ్ళు.

లోకసభలో అవిశ్వాస తీర్మానం చర్చకు రావడం అదే మొదటిసారి. పెట్టినవారు ఆచార్య కృపలానీ. చర్చ నాలుగు రోజులు నడిచింది. ఫలితం గురించి ఎవరికీ సందేహం లేదు. చివరికి అనుకూలంగా 62 ఓట్లు, వ్యతిరేకంగా 347 వచ్చాయి. ఓట్ల సంగతి అంతే. కాని ఆ చర్చలో ఒకాయన లేచి హిందీలో చేసిన ప్రసంగం మాత్రం ఓట్ల లెక్కకు లొంగలేదు.

ఆయన డాక్టర్ రామ్ మనోహర్ లోహియా. ఆ మే నెలలోనే ఫరూఖాబాదు ఉపఎన్నికలో గెలిచి సభలో అడుగుపెట్టారు. బెర్లినులో డాక్టరేటు చేసిన మనిషి, ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన మనిషి, సభలో హిందీలోనే మాట్లాడతానని పట్టుబట్టిన మనిషి. జైళ్ళూ కోర్టులూ ఆయనకు కొత్తకాదు. ఉత్తరప్రదేశ్‌లో కాలువ నీటి రేట్లు పెంచినప్పుడు, పెంచిన రేటు కట్టవద్దని రైతులకు చెప్పినందుకు 1954లో ఆయన్ని అరెస్టు చేశారు. 1960లో సుప్రీంకోర్టు ఆ అరెస్టుకు ఆధారమైన చట్టభాగమే చెల్లదని తీర్పు చెప్పింది. న్యాయమంటే కోర్టులో దొరికేది మాత్రమే అని ఆయన ఎన్నడూ అనుకోలేదు లెండి. కాలువ నీటి రేటులోనూ, కూలివాని రోజు ఖర్చులోనూ కూడా వెతికారు.

ఆ రోజు లోహియా అన్నది ఇది: ఈ దేశంలో 27 కోట్లమంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారు. అప్పటి జనాభా సుమారు 45 కోట్లు. అంటే నూటికి అరవైమంది మాట. అక్కడితో ఊరుకోలేదు. ప్రధానమంత్రి మీద రోజుకు ఇరవై అయిదువేల రూపాయలు ఖర్చవుతోందన్నారు, ఆయన కుక్క మీద మూడు రూపాయలన్నారు. సభ అట్టుడికిపోయింది. కుక్క మాట లేకపోయినా వాదానికి వచ్చే లోటేమీ ఉండేది కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కాని ఆ మాట లేకపోతే మా ఊరి కాఫీహోటలుదాకా ఆ వాదం వచ్చేదా అన్నదీ ఆలోచించవలసిందే.

ప్రభుత్వం వైపునుంచి జవాబు వచ్చింది: ప్రణాళికా సంఘం లెక్క ప్రకారం మూడణాలు కాదు, పదిహేనణాలు. దాంతో వివాదం ముదిరింది. సెప్టెంబరు 6న సభ ప్రత్యేకంగా ఈ అణాల మీదనే చర్చ జరిపింది. 1957లోనే నయాపైసలు వచ్చినా అందరి నోటా అణాలే. మూడణాలంటే పంతొమ్మిది నయాపైసలని చెబితే బామ్మకు అర్థమయ్యేది కాదు.

నాన్నగారు పదిహేనణాల పక్షం. "ప్రణాళికా సంఘంలో ఉన్నవాళ్ళు లెక్కలు రానివాళ్ళా?" అనేవారు. అవును, ఆ లెక్కలో తప్పులేదు. దేశం ఆదాయాన్నంతా జనాభాతో భాగిస్తే తలకు ఏడాదికి మూడువందల పైచిలుకు రూపాయలు వస్తాయి, రోజుకు పదిహేనణాల దరిదాపు. లోహియా అడిగింది వేరే లెక్క. భాగహారం చేసేముందు పైనున్న వాళ్ళను పక్కకు తీసిపెట్టండి, కింద మిగిలిన అరవైమందికి ఎంత వస్తుందో చెప్పండి అన్నారు.

ఒక ఆదివారంనాడు నాన్నగారు పలకా బలపం తెమ్మన్నారు. మా పనిమనిషి గిన్నెలు తోముతోంది.

"నెలకు నీకెంత వస్తుందే?"

"మీకు తెలవదా అయ్యగారూ? మూడిళ్ళు. ఇంటికి నాలుగు రూపాయలు."

"మీ ఆయనకో?"

"పనుంటే రోజుకు రూపాయిన్నర. నాట్లప్పుడు, కోతలప్పుడు ఉంటది. లేనప్పుడు లేదు."

నెలకు ఇరవై రోజులు పని ఉంటుందని నాన్నగారు ఉదారంగానే వేశారు. ముప్ఫై, పన్నెండూ కలిపి నలభైరెండు రూపాయలు. ఇంట్లో ఆరుగురు. నేనే భాగించాను. తలకు రోజుకు నాలుగణాలకు కొంచెం తక్కువ వచ్చింది.

నాన్నగారు పలక వంక చాలాసేపు చూశారు. "మూడు కాదుగా" అన్నారు. తర్వాత, "రోజూ మనం పెట్టే చద్దన్నం కూడా కలపాలి కదా, దానికెంత కట్టాలి?" అని అమ్మ వైపు తిరిగారు.

అమ్మకు కోపం వచ్చింది. "మిగిలినదానికి ధర కట్టి పెట్టానా నేను?" అని లోపలికి వెళ్ళిపోయింది. పనిమనిషి తలెత్తలేదు. బూడిద చేతులతోనే పైట సర్దుకుంది.

నేను వయసుకు తగ్గ తెలివితక్కువతనంతో, "మరి మన లెక్క నాన్నగారూ?" అన్నాను. నాన్నగారి జీతం నూటనలభై. భూమీ పుట్రా లేదు. నాన్నగారు, అమ్మ, బామ్మ, మేం నలుగురు పిల్లలం, వెరసి ఏడుగురు. తలకు నెలకు ఇరవై రూపాయలు. రోజుకు పదకొండణాలకు లోపు. ఊళ్ళో మేష్టారుగారి కుటుంబం, ఇస్త్రీ చొక్కాల కుటుంబం, మేం కూడా పదిహేనణాలు అందుకోలేదు!

"సగటు కట్టేవాళ్ళు మిల్లు యజమానిని కూడా మన పంక్తిలోనే కూర్చోబెడతారురా" అన్నారు నాన్నగారు. నెహ్రూగారి పటం మాత్రం ఉన్నచోటనే ఉంది. తీయమని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

నెహ్రూగారికి ఈ ప్రశ్న తట్టలేదనుకుంటే అన్యాయమవుతుంది. పెరిగిన ఆదాయం ఎవరికి చేరిందని 1960లో ఆయనే లోకసభలో అడిగారు. దాని ఫలితంగా ఆచార్య మహలనోబిస్ అధ్యక్షతన సంఘం ఏర్పడింది. దాని మొదటి నివేదిక 1964లో వచ్చింది. ఈ మధ్యలో, 1962లోనే, ప్రణాళికా సంఘం నియమించిన ఆర్థికవేత్తల బృందం ఒకటి మనిషికి నెలకు కనీసం ఇరవై రూపాయలు కావాలని తేల్చింది. చదువూ వైద్యమూ అందులో చేరవు, అవి ప్రభుత్వం చూసుకోవాలి. ఇరవై రూపాయలంటే సరిగ్గా మా ఇంటి లెక్కే. ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత చదివి ఉలిక్కిపడ్డాను.

ఇంతకూ ఎవరి అణాలు నిజం? 1971లో దాండేకర్, రథ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జాతీయ నమూనా సర్వే అంకెలు తీసుకుని లెక్కవేశారు. 1960-61 ధరల్లో పల్లెల్లో మనిషికి నెలకు పదిహేను రూపాయలు, అంటే రోజుకు ఎనిమిదణాలు, కనీసావసరమని పెట్టుకున్నారు. పల్లెల్లో నూటికి నలభైమందికి అదీ అందలేదు. పట్నాల్లో గీత కొంచెం ఎత్తున గీస్తే సగంమంది దాని కిందే ఉన్నారు. లోహియా మూడణాలు తక్కువగా పడిన అంకె అని నా అభిప్రాయం. కాని కింది వాళ్ళ లెక్క వేరుగా కట్టాలన్న ఆయన పట్టు నిలిచింది. దేశంలో పేదరికపు గీతలని తర్వాత గీసినవన్నీ ఆ పట్టు మీదనే నడిచాయి.

లోహియా 1967 అక్టోబరు 12న పోయారు. మన హైదరాబాదుతో ఆయనకు గట్టి సంబంధమే ఉండేది. ఆయన సోషలిస్టు పార్టీ 1955 చివర పుట్టింది ఇక్కడే, 'మేన్‌కైండ్' పత్రిక వెలువడిందీ ఇక్కడినుంచే. ఉద్యోగరీత్యా ఈ ఊరు వచ్చాక నేను ఆయన ప్రసంగాలు వెతికి చదివాను.

అక్కయ్య పెళ్ళి మరుసటి ఏడు జరిగింది. పుస్తెలకు బామ్మ తన గొలుసు కరిగించింది. నాన్నగారు పోయాక ఆయన పద్దుపుస్తకం నా వంతుకు వచ్చింది. పలక మీద వేసిన ఆ లెక్కను ఆయన ఎప్పుడు ఎక్కించుకున్నారో, 1963 సెప్టెంబరు పేజీలో ఉంది. పనిమనిషి జీతం, ఆమె భర్త కూలి, మొత్తం, భాగహారం. కింద 'చద్దన్నం' అని రాసి, ఎదురుగా గీత గీసి, అంకె వేయకుండా ఖాళీగా వదిలేశారు.