మేపుల్ తోటకు మార్కులెలా వేస్తారు?

సావనీరుకు ఏదైనా వ్రాయండి మాస్టారూ అని యూనియన్ కుర్రాళ్ళు వచ్చి కూర్చున్నారు. సైన్సే కావాలట, కాని బి.ఏ. వాళ్ళకు కూడా అర్థం కావాలట! సరే, ఆమధ్య అమెరికాలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు బోస్టన్‌లో ఆర్నాల్డ్ ఆర్బోరేటం చూశాను. ఆ ముచ్చటే వ్రాస్తున్నాను.

ఆర్బోరేటం అంటే చెట్ల మ్యూజియం అనుకోండి. ఇది 1872లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యాన వెలసింది. విస్తీర్ణం 281 ఎకరాలు. 1882లో బోస్టన్ నగరం ఇక్కడి స్థలాన్ని హార్వర్డ్‌కు వెయ్యేళ్ళ లీజుకిచ్చింది, ఏడాదికి ఒక్క డాలరు అద్దెకు. హాస్టలు మిత్రులు ఈ వాక్యం మరోసారి చదువుకోవచ్చు.

అక్కడి మేపుల్ చెట్లు ప్రసిద్ధం. మేపుల్ అంటే ఏసర్ ప్రజాతి. 120కి పైగా జాతులున్నాయి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, కాయకు రెండు రెక్కలుంటాయి. మేం చదివే రోజుల్లో ఏసరేసీ కుటుంబం అని వ్రాసి మార్కులు కొట్టేశాం. ఇప్పుడు దాన్ని సపిండేసీలో కలిపేశారు. అంటే మన కుంకుడుచెట్టుకు చుట్టమన్నమాట! మన దేశంలో ఇవి ఎక్కువగా హిమాలయాల్లో కనిపిస్తాయి.

నేను వెళ్ళింది అక్టోబరులో. ఎరుపు, నారింజ, పసుపు - కొండవాలంతా రంగులే. ఎక్కువ రంగులున్న తోటే గొప్ప తోట అని నేనూ అనుకున్నాను. తోట చూపిస్తున్నాయన నవ్వి, ఒక చెట్టుకు వేలాడుతున్న చిన్న రేకుముక్క చూపించాడు. దానిమీద చెట్టు పేరు, ఒక నెంబరు ఉన్నాయి. ఆ నెంబరు పట్టుకుని రికార్డులు తీస్తే ఆ చెట్టు పుట్టుపూర్వోత్తరాలన్నీ దొరుకుతాయి: విత్తనం ఏ దేశపు ఏ కొండమీద ఏరారు, ఎవరు, ఎప్పుడు, లేక నర్సరీలో కొన్నదా, అంటుకట్టిందా.

అమెరికాలో పబ్లిక్ గార్డెన్స్ అసోసియేషన్ వారు ఇటువంటి సేకరణలకు జాతీయ గుర్తింపు ఇస్తారు. మన కాలేజీకి ఇన్‌స్పెక్షన్ కమిటీ వచ్చినట్టే, అనుభవజ్ఞులు వచ్చి తోటను, రికార్డులను పరిశీలిస్తారు. ఒకే తోట అన్ని మేపుల్స్‌నూ పెంచలేదు గనుక కొన్ని తోటలు కలిసి బాధ్యత పంచుకుంటాయి. ఆర్నాల్డ్ ఆ జాబితాలో ఉంది. ఇంగ్లండులో ఇటువంటి పని ప్లాంట్ హెరిటేజ్ అనే సంస్థ 1978 నుంచి చేస్తోంది. అక్కడ జపాన్ మేపుల్స్ జాతీయ సేకరణ వెస్టన్‌బర్ట్‌లో ఉంది. జపాన్ మేపుల్స్‌తో చిక్కేమిటంటే, అంటుకట్టి పెంచే రకాలు వందలకొద్దీ ఉన్నాయి. ఒకే మొక్క రెండు పేర్లతో అమ్ముడుపోతుంది. దాన్ని పెంచే నర్సరీ మూతపడితే ఆ రకమే మాయమైపోవచ్చు. సరైన పేరుతో ఒక్క చెట్టు ఎక్కడో ఉంటే మళ్ళీ అంటు తెచ్చుకోవచ్చు.

నాకు బాగా పట్టుకున్నది ఏసర్ గ్రిసియం కథ. దాల్చినచెక్క రంగు బెరడు, మన జామచెట్టు బెరడులా పొరలు పొరలుగా లేచిపోతుంది. విల్సన్ అనే అన్వేషకుడు 1901లో మధ్య చైనాలో దీన్ని సేకరించి ఇంగ్లండుకు పంపాడు, 1907లో ఆర్నాల్డ్ కోసం మళ్ళీ తెచ్చాడు. చాలాకాలం పాశ్చాత్య దేశాల తోటల్లో కనిపించినవన్నీ దాదాపు ఆ కొద్దిపాటి మొక్కల సంతానమే. పైగా కాయలు విరగకాసినా లోపల గింజ చాలావాటిలో ఉండదు. స్వస్థలమైన చైనా అడవుల్లో ఇప్పుడిది అంతరించే ప్రమాదంలో ఉంది. 2015లో శాస్త్రజ్ఞులు చైనా వెళ్ళి అడవిచెట్లను వెతికారు. తోటల్లో ఉన్నవాటికి, అడవిలో మిగిలినవాటికి చుట్టరికం ఎంతో తేల్చాలంటే తోటచెట్టు ఎక్కడిదో తెలియాలి కదా? ఎంత అందమైన చెట్టయినా రికార్డు లేకపోతే ఈ పనిలో సాక్ష్యానికి నిలబడదు.

తిరిగొచ్చాక మన డిపార్టుమెంటు వెనుక తోటకు వెళ్ళాను. నేను డెమాన్‌స్ట్రేటరుగా ఉన్నప్పుడు కట్టిన రేకుల్లో నాలుగు మిగిలాయి. స్టాకు రిజిస్టరు చెదలు తినేశాయి. బావి పక్కనున్న పొగడచెట్టు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలిగిన తోటమాలి పోయి పదేళ్ళయింది. తప్పు మాదే, ఎవరినీ అనలేను. మోర్టన్ ఆర్బోరేటం వారు 2011లో మొదలుపెట్టిన ఆర్బ్‌నెట్ గుర్తింపులో మొదటి మెట్టుకు కనీసం 25 రకాల చెట్లుండాలట. లెక్కపెట్టాను, మన దగ్గర 40 దాటాయి.

కొత్త రిజిస్టరు తెరిచాం. పాత విద్యార్థుల్లో ఆ తోటలో ఎవరైనా మొక్క నాటి ఉంటే, ఏ సంవత్సరం, ఎక్కడి మొక్క - ఒక కార్డుముక్క వ్రాసి డిపార్టుమెంటుకు పంపండి.