నడుము నొప్పి: వెన్ను సవరణ చికిత్సకు కండరాల స్పందన

రుకూ చేసి లేవలేక, సజ్దాకు వంగలేక కుర్చీపై నమాజు చేసేవారు మన మస్జిద్‌లలో తరచూ కనిపిస్తుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో దాదాపు 61.9 కోట్ల మంది నడుము నొప్పికి గురయ్యారు. ఈ బాధకు చేసే చికిత్సలలో వెన్నుపూసల కీళ్లను చేతులతో ఒత్తి సవరించడం ఒకటి. ఆ సమయంలో ‘టప్’మని వినిపించే శబ్దాన్ని, తప్పిన ఎముక కుదురుకున్న గుర్తుగా చాలామంది భావిస్తారు. నిజానికి అది కీలులోని ద్రవంలో వాయుబుడగ వల్ల కలిగే శబ్దం మాత్రమే.

నొప్పి పోయినా మిగిలే బలహీనత

వెన్నెముకకు ఇరువైపులా, పూసలను అంటిపెట్టుకుని మల్టిఫిడస్ అనే లోతైన కండరం ఉంటుంది. వంగినా, లేచినా పూసలను నిలకడగా ఉంచడం దాని పని. నడుము నొప్పి మొదలైనప్పుడు నొప్పి ఉన్న వైపు ఈ కండరం క్షీణిస్తుందని 1990 దశకంలో ఆస్ట్రేలియాలో జరిగిన అల్ట్రాసౌండ్ పరిశోధనలు చూపాయి. నొప్పి తగ్గినంత మాత్రాన కండరం దానంతటదే కోలుకోలేదు. ప్రత్యేక వ్యాయామం చేసినవారిలోనే అది మెరుగుగా కోలుకున్నది.

చికిత్స తర్వాత

సవరణకు ముందూ తర్వాతా అల్ట్రాసౌండ్‌తో కండరాన్ని కొలిచిన పరిశోధనలు అమెరికాలో జరిగాయి. చికిత్స తర్వాత మల్టిఫిడస్ మరింత బాగా సంకోచించినవారిలో దైనందిన పనులలోని ఇబ్బంది కూడా ఎక్కువగా తగ్గింది. పొట్ట కండరాలలో కనిపించిన మార్పు మాత్రం తాత్కాలికమే. అయితే కండరం మేల్కొన్నందున నొప్పి తగ్గిందా, నొప్పి తగ్గినందున కండరం మేల్కొన్నదా అన్నది ఈ సంబంధం ఒక్కదానితో తేలదు. అందరిలోనూ ఒకే ఫలితం రాదు. కొత్తగా వచ్చిన నొప్పికి వేడి కాపడం, మర్దన వంటి వాటితోపాటు సవరణను కూడా అమెరికా వైద్యుల సంఘం 2017లో సూచించింది. దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామం ఎంతో ముఖ్యం.

జాగ్రత్తలు

ఎముకలు గుల్లబారినవారు, క్యాన్సర్ రోగులు, ఇటీవల కిందపడి దెబ్బ తగిలినవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. మూత్రంపై అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి ఎక్కినా, కాళ్లు బలహీనపడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. శిక్షణ లేనివారి చేత, క్షౌరశాలలలో మెడ, నడుము విరిపించుకోవడం ప్రమాదకరం.

ధర్మం చూపిన సౌలభ్యం

అనారోగ్యంతో ఉన్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) నిలబడి నమాజు చేయమని, అది సాధ్యం కాకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు పడుకుని చేయమని బోధించారు. కనుక కుర్చీపై నమాజు చేసేవారు అపరాధ భావానికి లోనుకానవసరం లేదు. అయితే ఈ సౌలభ్యం చికిత్సను వాయిదా వేయడానికి సాకు కారాదు. దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. నొప్పి తగ్గిన తర్వాత కూడా వ్యాయామాన్ని కొనసాగించి నడుమును బలపరచుకోవడం ఆ అమానతును కాపాడుకోవడమే. అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.