జీతం ఒకటే, పన్నుల లెక్కలు వేరు

2025 థాంక్స్‌గివింగ్ సెలవులకి మా మేనల్లుడు మా ఇంటికి వచ్చాడు. ఎం.ఎస్. పూర్తి చేసి, ఓ.పి.టి. మీద ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. భోజనాలయ్యాక, "మావయ్యా, చేతికొచ్చేది చూస్తే ఆఫర్ లెటర్‌లో రాసిన జీతం ఇదేనా అనిపిస్తోంది" అన్నాడు. పే స్టబ్ చూపించమన్నాను. అందులో రెండు పద్దులు చూడగానే నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు, ఆ రాత్రి వాడికి కాగితం మీద వేసి చూపించిన లెక్క మీకూ చెప్పాలి.

మనలో చాలామందిమి "జీతంలో మూడో వంతు టాక్స్‌కే పోతోంది" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. నిజానికి పే స్టబ్‌లో వేర్వేరు పన్నులుంటాయి. ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ ఒకటి. సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం. ఈ రెండూ కలిపితే 7.65 శాతం, దీన్నే ఫైకా అంటారు. మన దగ్గర ఎంత కోస్తారో, కంపెనీ కూడా తన వాటాగా అంతే కడుతుంది. ఇవి కాక స్టేట్ టాక్స్. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్‌లాంటి చోట్ల జీతం మీద స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు.

అసలు కిటుకు ఎక్కడుందంటే, ఈ పన్నులన్నిటినీ ఒకే మొత్తం మీద లెక్క కట్టరు. ఉదాహరణకి మీ నెల జీతం 8,000 డాలర్లు అనుకుందాం. హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం 300, 401(కె)కి 800 పోతోంది. కంపెనీ సెక్షన్ 125 ప్లాన్ ద్వారా కట్టే ప్రీమియానికి ఇన్‌కమ్ టాక్సూ లేదు, ఫైకా లేదు. మామూలు 401(కె)కి మాత్రం ఇన్‌కమ్ టాక్స్ వాయిదా పడుతుంది గాని, ఫైకా తప్పదు. అంచేత ఫైకా 7,700 మీద పడుతుంది, అంటే 589 డాలర్ల 5 సెంట్లు. ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ 6,900 మీదే లెక్క కడతారు. అదే రాత్ 401(కె) అయితే ఆ మినహాయింపు కూడా ఇప్పుడు ఉండదు. జనవరిలో వచ్చే డబ్ల్యు-2లో 1వ బాక్సు, 3వ బాక్సు కలవలేదని కంగారు పడేవాళ్ళకి జవాబు ఇదే.

చేతికి రాని దాని మీద కూడా పన్ను పడొచ్చు. కంపెనీ ఇచ్చే గ్రూప్ లైఫ్ ఇన్సూరెన్స్ 50,000 డాలర్లు దాటితే, ఆ పైమొత్తానికయ్యే ఖర్చుని మీ జీతంలో కలిపి పన్ను వేస్తారు.

ఇక బోనస్. "బోనస్‌కి టాక్స్ ఎక్కువ" అని పార్టీల్లో తరచూ వింటుంటాం. బోనస్‌ని విడిగా లెక్క కట్టి, చాలా కంపెనీలు 22 శాతం చొప్పున ఫెడరల్ టాక్స్ పట్టుకుంటాయి. 5,000 డాలర్ల బోనస్‌లో 1,100 అలా పోతుంది, ఫైకా కింద మరో 382 డాలర్ల 50 సెంట్లు. అయితే ఆ 22 శాతం ముందుగా పట్టుకోవడమే గాని తుది పన్ను కాదు. రిటర్న్ వేసేటప్పుడు బోనస్ కూడా మామూలు జీతంతో కలిసిపోతుంది. ఎక్కువ పట్టుకుని ఉంటే తిరిగొస్తుంది.

సోషల్ సెక్యూరిటీకి ఏటా ఒక పరిమితి ఉంటుంది. 2025లో అది 1,76,100 డాలర్లు. దాని పైజీతానికి ఆ 6.2 శాతం ఆగిపోతుంది. మెడికేర్‌కి పరిమితి లేదు, పైగా 2,00,000 దాటితే మరో 0.9 శాతం కోస్తారు. ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే కొత్త కంపెనీ సోషల్ సెక్యూరిటీని మళ్ళీ మొదటినుంచి కోస్తుంది. రెండిట్లో కలిపి పరిమితి దాటి కోసిన సొమ్ముని రిటర్న్‌లో మీరే అడిగి తీసుకోవాలి. ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఇప్పుడు మావాడి సంగతి. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్ళని సాధారణంగా మొదటి ఐదు కేలండర్ సంవత్సరాలూ పన్నుల లెక్కలో నాన్‌రెసిడెంట్లుగా చూస్తారు. ఆ కాలంలో ఓ.పి.టి. మీద చేసే ఉద్యోగానికి ఫైకా లేదు. మావాడు 2022 ఆగస్టులో వచ్చాడు. నాలుగు నెలలే అయినా 2022 మొదటి సంవత్సరం కిందే లెక్క. అంటే 2026 చివరిదాకా, ఎఫ్-1 మీదే ఉంటే, కోయకూడదు. హెచ్-1బికి మారిన రోజునుంచీ కోస్తారు. కాని వాడి 6,000 డాలర్ల జీతంలో నెలకి 459 చొప్పున పద్నాలుగు నెలలు కోశారు. మొత్తం 6,426 డాలర్లు!

1999లో నాకూ అచ్చం ఇలాగే జరిగింది. అందరికీ కోస్తారు కాబోలు అనుకున్నాను. 2004లో ఒక మిత్రుడు చెబితే తెలిసింది. తిరిగి అడగడానికి గడువు, ఆ ఏడాది రిటర్న్ గడువు తేదీనుంచి సుమారు మూడేళ్ళు. నాది ఎప్పుడో దాటిపోయింది.

అందుకే ఆ రాత్రే వాడిచేత పేరోల్ వాళ్ళకి మెయిల్ రాయించాను. ముందు అడగవలసింది కంపెనీనే. దిద్దితే వాళ్ళ వాటా కూడా వాళ్ళకి తిరిగొస్తుంది. వాళ్ళు కాదంటే 843, 8316 ఫారాలు నింపి, డబ్ల్యు-2, ఐ-20, వీసా కాపీలతో ఐ.ఆర్.ఎస్.కి పంపాలి. మావాడికి 2025లో కోసిన సొమ్ము డిసెంబరు జీతంతో వచ్చేసింది. 2024 నాటిది ఇంకా రావాలి.

మీ ఇంట్లోనో, మీ ఎరికలోనో ఓ.పి.టి. మీద పనిచేసే పిల్లలుంటే, ఈ వారం ఒక్కసారి వాళ్ళ పే స్టబ్ తెరిపించండి. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అన్న రెండు పద్దులు చూస్తే చాలు.

గమనిక: ఇది సాధారణ అవగాహన కోసం రాసినది. మీ సొంత విషయంలో సి.పి.ఎ.ని సంప్రదించగలరు.