వార్తల్లో పదం: కాగ్నిటివ్ సైడ్ ఎఫెక్ట్స్

బాసర జ్ఞాన సరస్వతి గుడిలో పలక పట్టించి అక్షరాభ్యాసం చేయించిన పిల్లాడికే తర్వాత మానసిక వైద్యుడు మాత్రలు రాస్తే, అమ్మానాన్నల మొదటి భయం ఒకటే: చదువు మందగిస్తుందా? జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన వేగం మందు వల్ల తగ్గడమే ఈ పదానికి అర్థం.

అన్ని మందులూ ఒకటి కావు. ఆటిజం పిల్లల్లో విపరీతమైన చిరాకుకు 2006లో అమెరికా అనుమతించిన రిస్పెరిడోన్ మగత తెస్తుంది. దానివల్ల ఒళ్లు బిగుసుకున్నా, చేతులు వణికినా ట్రైహెక్సీఫెనిడిల్ అనే మరో మాత్ర తోడుగా ఇస్తారు. అదేమో జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకుంటుంది. నిన్న అప్పజెప్పిన ఎక్కం ఇవాళ తట్టకపోతే ముందుగా ఈ రెండో మాత్ర గురించే డాక్టర్ని అడగాలంటాను. ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకు ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ తీరు వేరు, ఏకాగ్రతను పెంచుతుంది. మోతాదు మించితే మాత్రం పిల్లాడు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటాడు.

చిక్కేమిటంటే, జబ్బు కూడా చదువును దెబ్బతీస్తుంది. అందుకే మందుకు ముందటి నోటుబుక్కు, తర్వాతిది రెండూ డాక్టరుకు చూపాలి. మాత్రలు సొంతంగా, హఠాత్తుగా ఆపకూడదు. దగ్గర్లో సైకియాట్రిస్టు లేకుంటే 2022లో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.