ఒక్క అచ్చుతో 'అండి'!

తమ్ముణ్ని 'తిను' అంటాం. తాతయ్యను 'తినండి' అంటాం. ఈ తేడా తెలియడానికి తెలుగింటి పిల్లలకు వ్యాకరణ పుస్తకం అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఇద్దరికీ ఒకటే మాట... 'ఈట్'. అందుకే ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు స్పానిష్ నేర్చుకునేటప్పుడు ఇక్కడ తడబడుతుంటారు. మనకు మాత్రం ఇది పాత చుట్టమే!

స్పానిష్‌లో ఏదైనా చెయ్యమని చెప్పేముందు ఎదుట ఉన్నది ఎవరో చూసుకోవాలి. చనువున్నవాళ్లయితే 'తూ', గౌరవించాల్సినవాళ్లయితే 'ఉస్తెద్'. దాన్నిబట్టే క్రియ మారుతుంది.

అటుదిటు... ఇటుదటు

స్పానిష్ క్రియలు మూడు రకాలు. చివర 'ఆర్', 'ఏర్', 'ఈర్' అని ఉంటాయి. ఆబ్లార్ అంటే మాట్లాడటం, కొమేర్ అంటే తినడం, ఎస్క్రిబీర్ అంటే రాయడం. చనువుగా చెప్పాలంటే మొదటి రెండింటికీ చివరి 'ర్' తీసేస్తే చాలు. 'ఆబ్లా' మాట్లాడు, 'కోమే' తిను. మూడో రకానికి చివర 'ఏ' వస్తుంది: 'ఎస్క్రీబే', రాయి.

మర్యాద కావాలా? చివరి అచ్చును తారుమారు చేయండి. 'ఆ' ఉన్నచోట 'ఏ', 'ఏ' ఉన్నచోట 'ఆ'. అప్పుడు 'ఆబ్లే' మాట్లాడండి, 'కోమా' తినండి, 'ఎస్క్రీబా' రాయండి. నలుగురికి చెబుతుంటే దానికే 'న్' చేర్చాలి: ఆబ్లెన్, కోమన్, ఎస్క్రీబన్. లాటిన్ అమెరికాలో పిల్లల గుంపుకైనా, పెద్దల సభకైనా ఇదే మాట. స్పెయిన్‌లో మాత్రం స్నేహితుల బృందానికి 'ర్' బదులు 'ద్' పెట్టి ఆబ్లాద్, కొమేద్, ఎస్క్రిబీద్ అంటారు.

తమరి దయ

అచ్చు ఎందుకు మారుతుంది? 'ఉస్తెద్' పుట్టుకలోనే జవాబుంది. ఒకప్పుడు పెద్దలను 'బుయెస్త్రా మెర్సెద్' అని సంబోధించేవారు. 'తమరి దయ' అని అర్థం. నలుగురి నోళ్లలో నలిగి అదే 'ఉస్తెద్' అయింది. దయగలవారిని ఎదురుగా ఆజ్ఞాపించలేరు కదా! అందుకని కోరికను చెప్పే క్రియారూపాన్ని వాడారు. అంటే 'కోమా'లో ఉన్నది 'తమరు తిందురు గాక' అన్న వినయం.

ఆసుపత్రిలో అక్కరకు...

ఈ తేడా పుస్తకాలకే పరిమితం కాదు. అమెరికాలో టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో స్పానిష్ మాట్లాడే రోగులు ఎక్కువ. అక్కడ పనిచేసే తెలుగు డాక్టర్లకు ఈ రూపాలు రోజూ అవసరమవుతాయి. 'ఆబ్రా లా బోకా' అంటే నోరు తెరవండి. 'ఆబ్రే' అంటే అది 'తెరు' అయిపోతుంది. మందు వేసుకోండి అనడానికి 'తోమే' అనాలి. అంట్లు తోమే సంగతి కాదు సుమా! దాని మూలం 'తోమార్', తీసుకోవడం. డెబ్బై ఏళ్ల పెద్దావిడతో 'తోమా' అన్నా అర్థమవుతుంది. కానీ 'తోమే' అంటే ఆమెకు గౌరవం కూడా అందుతుంది.

ఓ చిన్న జాగ్రత్త. 'ఏ' ఎప్పుడూ మర్యాదే అనుకుంటే పొరపాటు. 'తోమే' మన్నన, 'కోమే' చనువు. కాబట్టి క్రియ నేర్చుకునేటప్పుడే దాని తోక 'ఆర్'దో, 'ఏర్'దో, 'ఈర్'దో గుర్తుపెట్టుకోవాలి. ఎవరితో ఎలా మాట్లాడాలన్నది మాత్రం ఇంట్లో అమ్మానాన్నలు ఎప్పుడో నేర్పేశారు!