దూలం వంకరైతే గొంతు మారుతుందా?

ముక్కు రెండు వేళ్లతో గట్టిగా మూసుకుని 'అమ్మ' అనండి. 'అబ్బ' అన్నట్టు వినిపిస్తుంది. 'అన్నం' కాస్తా 'అద్దం'కి దగ్గరవుతుంది. అలాగే మూసుకుని 'కాకి' అనండి. తేడా ఉండదు. ఎందుకని?

ధ్వని పుట్టేది ముక్కులో కాదు, స్వరపేటికలో. గొంతు, నోరు, ముక్కు ఆ ధ్వని మారుమోగే గదులు. 'కాకి' అన్నప్పుడు అంగిట్లో వెనకనుండే మెత్తని భాగం పైకి లేచి ముక్కు దారిని మూసేస్తుంది. 'మ', 'న', 'ణ' పలికేటప్పుడు అది కిందికి దిగుతుంది. నోట్లో దారిని పెదవులో, నాలుకో అడ్డగించడంతో ధ్వని ముక్కు గుండా బయటికొస్తుంది. నోరూ ముక్కూ కలిసి పలికేవే అనునాసికాలని పాణిని ఏనాడో నిర్వచించాడు.

ముక్కును రెండుగా చీల్చే గోడే దూలం. ముందు భాగం మృదులాస్థి, వెనక భాగం ఎముక. అది ఎంతోకొంత ఒరిగి ఉన్నవారు చాలామంది. వారిలో అధికులకు ఏ బాధా ఉండదు. ఒక పక్క ఇరుకైనా రెండో పక్క తెరిచి ఉంటే 'మ'కారానికి ఆ దారి చాలు. కనుక వంకర ఒక్కటే మాటను పెద్దగా మార్చదు, శ్రుతిని అసలే మార్చదు. దానికి అలర్జీ వాపు తోడై రెండు పక్కలా మూసుకుపోతేనే మాట పడిశం పట్టినట్టుంటుంది. పాడేవారికి, పాఠాలు చెప్పేవారికి అసలు ఇబ్బంది వేరు: ముక్కు మూసుకుపోయి రాత్రంతా నోటితో గాలి పీల్చుకుంటే గొంతు ఎండి, పొద్దున్నే బొంగురుపోతుంది.

'ముక్కుతో మాట్లాడుతున్నాడు' అన్న మాటను మనం రెండు వ్యతిరేక లోపాలకు వాడేస్తాం. ముక్కులోకి వెళ్లాల్సిన ధ్వని వెళ్లకపోవడం ఒకటి, వెళ్లకూడనప్పుడు వెళ్లడం మరొకటి. రెండోది అంగిలి చీలిన పిల్లల్లో, అంగిలి సరిగా కదలనివారిలో కనిపిస్తుంది. ముక్కు మూసుకుని 'కాకి' అన్నప్పుడు మాట మారిందా, అనుమానించాల్సింది అంగిలిని. అలాంటివారికి దూలం సరిచేసినా మాట బాగుపడదు. వెక్కిరింతలు పడలేక ఆపరేషన్‌కు తొందరపడేవారు ముందు ఇది తేల్చుకోవాలి.

దూలం ఆపరేషన్ శ్వాస కోసం చేసేది. సాధారణంగా ముక్కు లోపలినుంచే చేస్తారు, పైకి మచ్చ కనబడదు. అలర్జీ దానితో పోదు, గొంతు తియ్యనవదు. బొంగురు మూడు వారాలు దాటితే పరీక్ష చేయించాల్సింది స్వరపేటికకు, పొగతాగేవారు మరీను.

తొందరపడాల్సిన సందర్భం ఒకటుంది. పిల్లవాడు ముక్కుమీద దెబ్బ తగిలాక రెండు పక్కలా గాలి ఆడటం లేదంటే, దూలానికీ దాని పొరకూ మధ్య రక్తం చేరి ఉండొచ్చు. మృదులాస్థికి పోషణ ఆ పొరనుంచే అందుతుంది. పొర విడిపోతే కొద్ది రోజుల్లోనే అది చచ్చి ముక్కు నడుమ కుంగిపోతుంది. వాపే కదా అని మర్నాటికి వాయిదా వేయకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి.