కరువు సీమ సంగటి, నగరపు బల్ల: అనంతపురం ప్రాంత ప్రజల బయటి తిండి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నలుగురు మిత్రులు కలసి నగరంలోని ఒక హోటల్లో భోజనం చేయడం నేడు అతిసామాన్యమైన విషయం. ఈ సామాన్యత వెనుక దీర్ఘమైన చరిత్ర ఉంది. ఇంటి బయట తినవలసి వచ్చినప్పుడు ఏమి తినాలో, ఎవరి పక్కన కూర్చుని తినాలో తామే నిర్ణయించుకొనే అవకాశం అనంతపురం వంటి కరువు ప్రాంతపు ప్రజలలో అధికభాగానికి చాలాకాలం లేదు. పూటకూళ్ల ఇల్లు, గంజి కేంద్రం, ఊరి హోటల్, నగరంలోని రెస్టారెంటు అనే నాలుగు తావులను పరిశీలిస్తూ, ఈ రెండు రకాల ఎంపికలు ఎట్లా ఏర్పడ్డాయో, వాటి హద్దులు ఏమిటో రాగిసంగటిని ప్రధాన ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అనంతపురం, కరువు, రాగిసంగటి, పూటకూళ్ల ఇల్లు, గంజి కేంద్రం, సహపంక్తి, వలస, బెంగళూరు.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి వాడుకలో ‘హోటల్’ అంటే బస చేసే చోటు కంటే ముందుగా తినే చోటు. ఈ మాట రాకముందు అదే పనికి ‘పూటకూళ్ల ఇల్లు’ అనే పేరుండేది. పూటకు ఇంత అని డబ్బు పుచ్చుకొని కూడు పెట్టే ఇల్లు అని దాని అర్థం. నగరంలో మిత్రుల విహారానికి, వెలకు దొరికే భోజనానికి ఉన్న సంబంధం తెలుగు సాహిత్యంలో కొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ‘క్రీడాభిరామము’లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుతారు. ఆ విహారవర్ణనలో ఒక్క రూకకు దొరికే పూటకూళ్ల భోజనం కూడా చోటు చేసుకొంది. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం ఆ విస్తరిలో కనిపిస్తాయి.

ఈ వర్ణనలో గమనించదగినవి రెండున్నాయి. నగరానికి వచ్చినవాడు డబ్బిచ్చి మంచి భోజనం కొనుక్కోగలడు. అయితే ఆ మంచి భోజనంలో మెట్టపొలాల ధాన్యానికి చోటు లేదు. రాగి, జొన్న, సజ్జ, కొర్ర తినేవాని కూడు వెలకు అమ్ముడయ్యే విస్తరి మీదికి రావడానికి శతాబ్దాలు పట్టింది. ఆ ప్రయాణానికి అనంతపురం ప్రాంతం స్పష్టమైన నిదర్శనం. ఇక్కడ అనంతపురం ప్రాంతమంటే 1882లో బళ్లారి నుండి విడివడి ఏర్పడిన పాత జిల్లా. 2022లో దాని నుండి శ్రీసత్యసాయి జిల్లా వేరయింది.

2. మెట్టధాన్యాలు – తిండిలోని అంతరాలు

అనంతపురం పీఠభూమికి పడమటి కనుమలు అడ్డుగా ఉండడం వల్ల నైరుతి రుతుపవనాల వాన పూర్తిగా అందదు. తూర్పుతీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య రుతుపవనాలు వచ్చేసరికి బలహీనపడతాయి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వాన కూడా అదనులో పడుతుందన్న నమ్మకం లేదు. లోతులేని ఎర్రనేలలు తేమను ఎక్కువకాలం నిలుపుకోలేవు. ఇటువంటి చోట చెరువు కింద భూమి ఉన్నవారికే వరి సాధ్యం. మిగిలినవారికి రాగి, జొన్న, కొర్ర, సజ్జలే ఆధారం. కన్నడ సీమను ఆనుకొన్న మడకశిర, హిందూపురం ప్రాంతాలలో రాగి ప్రధానం కాగా, నల్లరేగడి ఉన్న తాడిపత్రి, ఉరవకొండ ప్రాంతాలలో జొన్నకు ప్రాధాన్యం ఉండేది.

ఈ భౌగోళిక విభజన సామాజిక అంతరంగా మారింది. అనేక మెట్ట కుటుంబాలకు వరన్నం పండుగనాటి తిండి. సంగటి నిత్యపు కూడు. చుట్టాలు వచ్చినప్పుడు సంగటి పెట్టడం చిన్నతనంగా భావించిన ఇళ్లు తక్కువ కాదు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులు జొన్నకూటిని ఎగతాళి చేయడం అందరికీ తెలిసినదే. వరిసీమకు అలవాటుపడిన నాలుక మెట్టకూటిని చూసిన చూపు అది.

దీనికి ఎదురుచూపు కన్నడ సాహిత్యంలో ఉంది. 16వ శతాబ్దికి చెందిన కనకదాసు ‘రామధాన్యచరితె’లో రాగికి, వరికి ఏది గొప్పదన్న వివాదం వస్తుంది. శ్రీరాముడు రెండింటినీ ఆరు నెలలు బంధించి ఉంచమంటాడు. గడువు తీరేసరికి వరి చెడిపోగా రాగి గట్టిగా నిలుస్తుంది. రాఘవుని పేరు దానికి దక్కుతుంది. బడుగుల పక్షాన చెప్పిన కథగా దీనిని విమర్శకులు వ్యాఖ్యానించారు. కథలోని పరీక్షకు వ్యవసాయ జీవితంలో ఆధారముంది. రాగులు పురుగు పట్టకుండా ఏళ్ల తరబడి నిలువ ఉంటాయి. కరువును ఎదుర్కోవలసిన ఇంటికి పాతరలోని రాగులు ఒక భరోసా.

3. గంజి కేంద్రం: ఎంపిక లేని పంక్తి

పాతర ఖాళీ అయినప్పుడు ఇంటి బయట తినక తప్పదు. పేదలలో అనేకులకు బయటి తిండి వినోదంగా కాక ఆపదగా పరిచయమైంది. 1876–78 నాటి మహాకరువులో మద్రాసు రాజధాని అంతటా సహాయ శిబిరాలు వెలశాయి. పర్యవేక్షణకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కరువుపనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, దానిపై కొద్దిపాటి డబ్బుకు పరిమితం చేయించాడు. కష్టపడి పనిచేసే మనిషికి అది చాలదని నాటి వైద్యాధికారులే అభ్యంతరం చెప్పారు. మనిషి ఏమి తినాలో, ఎంత తినాలో ప్రభుత్వం కొలత పెట్టిన సందర్భమది. 1950ల ఆరంభంలో వచ్చిన కరువులో కూడా రాయలసీమలో గంజి కేంద్రాలు నడిచాయి.

గంజి కేంద్రంలో ఎందరో ఒకేచోట తింటారు. కాని అది సహపంక్తి కాదు. పక్కన ఎవరు కూర్చోవాలో ఆకలి నిర్ణయిస్తుంది. గిన్నెలో ఏమి పడాలో పెట్టేవాడు నిర్ణయిస్తాడు. ‘ఉప్పు తిన్నవాడు’ అనే తెలుగు నుడికారంలో తిన్నవాడు పెట్టినవానికి రుణపడతాడన్న భావన ఉంది. పంటలు పండించిన రైతు గంజి కోసం వరుసలో నిలబడినప్పుడు, ఆకలి తీరినా ఆ రుణభారం మిగులుతుంది. కరువు జ్ఞాపకాలలో ఆకలితోపాటు అవమానం కూడా వినిపించడానికి కారణమిదే.

4. ఊరి హోటల్: డబ్బుకు దొరికే తిండి, కులానికి దొరికే చోటు

కాఫీ, టీ హోటళ్లు పల్లెల దాకా విస్తరించడంతో డబ్బిచ్చి తినడం సామాన్యులకు కూడా అలవాటయింది. బొరుగులను నానబెట్టి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పుట్నాలపొడి వేసి తిరగమోత పెట్టిన ఉగ్గాని, దానికి తోడు మిరపకాయ బజ్జి – ఇవి ఈ ప్రాంతపు హోటళ్ల గుర్తులయ్యాయి. పొయ్యి మీద ఎక్కువసేపు ఉడకనవసరం లేని ఉగ్గాని, పొద్దున్నే పనికి పోయేవానికి అనువైన తిండి. సంతకు వచ్చిన రైతులు, బస్సు కోసం వేచి ఉన్నవారు, కూలి ముగించుకొన్నవారు అక్కడ కలుసుకొనేవారు.

ఇక్కడ ఏమి తినాలన్న ఎంపిక కొంతవరకు వచ్చింది. ఎవరితో తినాలన్న ఎంపిక రాలేదు. పల్లె హోటళ్లలో దళితులకు వేరే గ్లాసులు ఉంచే ‘రెండు గ్లాసుల పద్ధతి’ తెలుగు నేలపై విస్తృతంగా ఉండేది. పట్టణాలలో ‘బ్రాహ్మణ భోజన హోటల్’ అనే బోర్డు తినేవారికి శుచిని గుర్తుచేస్తే, లోపలికి రాలేనివారికి తమ స్థానాన్ని గుర్తుచేసేది. భారత రాజ్యాంగం 15(2) అధికరణలో దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్లలో ప్రవేశాన్ని ప్రత్యేకంగా పేర్కొనడం ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. దానిని అమలుపరచే చట్టం 1955లో వచ్చింది. హోటల్లో కూర్చునే హక్కును రాజ్యాంగంలోనే రాసుకోవలసి వచ్చిందంటే, కలసి తినడం ఎంత బరువైన విషయమో తెలుస్తుంది.

5. బెంగళూరు బల్ల: కలసి తినే కొత్త సంబంధం

అనంతపురం నుండి బెంగళూరు సుమారు 200 కిలోమీటర్లు. హిందూపురం నుండి దాదాపు అందులో సగం. వానలు తప్పినప్పుడు కూలీలు కట్టడపు పనులకు పోయే నగరమూ, చదువులు ముగించిన యువత ఉద్యోగాలకు పోయే నగరమూ అదే. అనంతపురంలో 1940ల నుండి ఇంజనీరింగు కళాశాల, 1981 నుండి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. 1990ల తరువాత సాఫ్ట్‌వేరు రంగం విస్తరించడంతో చదువుకొన్నవారి వలస పెరిగింది. వేరుసెనగ పంట పోయిన ఇంటి నుండి వచ్చిన పిల్లవాడు, ఆ ఇంటి అప్పు తీర్చవలసిన ఉద్యోగిగా నగరంలో స్థిరపడడం ఈ ప్రాంతంలో తరచుగా కనిపించే కుటుంబకథ.

అటువంటి యువతీయువకులకు నగరంలో వంటిల్లు ఉండదు. అద్దెగదులు, పీజీ వసతులలో నివసించేవారికి హోటల్ బల్ల నలుగురు కూర్చోగల చోటు. బెంగళూరులో నాగార్జున, నందిని వంటి ఆంధ్ర భోజనశాలలు అరటాకులో పప్పు, పొడి, నెయ్యి, పచ్చళ్లతో కూడిన భోజనానికి పేరు తెచ్చాయి. అక్కడ ఎక్కువగా వరన్నానిదే పీట. మరోవైపు బెంగళూరు ‘మిలిటరీ హోటళ్లు’ మాంసపు పులుసుతో రాగిముద్దను ఎప్పటినుండో వడ్డిస్తున్నాయి. ఈ రెండు సంప్రదాయాలు కలసిన చోట ‘రాయలసీమ రుచులు’ అనే కొత్త పిలుపు నిలదొక్కుకొంది. హైదరాబాదులో కూడా ఆ పేరుతో రాగిసంగటి, నాటుకోడి పులుసు అమ్ముడవుతున్నాయి.

ఈ బల్ల వద్ద సంబంధాల తీరు మారింది. బల్ల చుట్టూ కూర్చున్నవారిని కలిపేది చదువుకొన్న తరగతి, పనిచేసే కార్యాలయం లేదా ఒకే గది. వడ్డించే మనిషి ఎవరి కులమూ అడగడు. గ్లాసులన్నీ ఒక్కటే. బిల్లు పంచుకోవడం, లేదా ఈ వారం ఒకరు, వచ్చే వారం మరొకరు చెల్లించడం రివాజు. 2016లో యూపీఐ వచ్చాక తమ వంతును రూపాయితో సహా అక్కడికక్కడే చెల్లించడం సులువయింది. ‘ఉప్పు తిన్న’ రుణం ఇక్కడ ఒకరి మీద నిలవక చేతులు మారుతూ సమానమవుతుంది. గంజి కేంద్రానికి, ఈ బల్లకు ఉన్న అసలు తేడా ఇదే.

6. సంగటి అర్థం మారిన తీరు

సంగటి తయారీ మారలేదు. ఎసట్లో బియ్యం లేదా నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండిని కుప్పగా పోసి, కాసేపు మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా కట్టెతో గట్టిగా గెలికి, తడిచేత్తో ముద్దలు చేస్తారు. తుంచిన ముక్కను పులుసులో అద్ది, నమలకుండా మింగడం అలవాటు.

మారింది దాని తోడు, దాని విలువ. పల్లెలో నిత్యపు సంగటికి తోడు చెనిగిత్తనాల ఊరుబిండి, పుంటికూర పప్పు, చారు; ఏదీ లేకుంటే పచ్చిమిరపకాయ, ఎర్రగడ్డ. నాటుకోడి పండుగకో, అల్లుడు వచ్చినప్పుడో. రెస్టారెంటు నిత్యపు ధాన్యాన్ని, పండుగ మాంసాన్ని ఒకే పళ్లెంలో కలిపి ‘సీమ భోజనం’గా అమ్ముతోంది. ఇంట్లో చిన్నతనంగా తోచిన ముద్ద, ఇతర ప్రాంతాల మిత్రుల ముందు ‘మా ఊరి తిండి’ అని చెప్పుకొనే గర్వకారణమయింది. ఎలా తినాలో తెలియనివారికి నేర్పే అధికారం మెట్టసీమవారికి దక్కింది. భారతదేశం ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడం, నూరు గ్రాముల రాగులలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందన్న పోషకాహార ప్రచారం ఈ మార్పుకు తోడ్పడ్డాయి.

7. ఎంపికకు ఉన్న హద్దులు

ఇదే కాలంలో పల్లెలో జరిగింది దీనికి విలోమం. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం కరువు ఇళ్లకు పెద్ద ఊరట. వరన్నం పండుగనాటి తిండిగా ఉండడం దానితో క్రమంగా ముగిసింది. పొలంలో చిరుధాన్యాల స్థానాన్ని వేరుసెనగ ఆక్రమించింది. పొలంలో అమ్మకపు పంట, ఇంట్లో రేషన్ బియ్యం. మధ్యలో రాగి తగ్గింది. 2023లో రాయలసీమలో రేషన్ బియ్యంలో కొంత భాగానికి బదులుగా రాగులు ఇవ్వడం మొదలుపెట్టవలసి వచ్చింది. ఒకప్పుడు లేమికి గుర్తయిన ధాన్యం నగరంలో కోరి కొనుక్కొనే వంటకం కాగా, ఒకప్పుడు కలిమికి గుర్తయిన వరన్నం పల్లెలో తప్పనిసరి తిండి అయింది.

రెండవ హద్దు నగరంలోనే ఉంది. సంగటితో బలపడిన కూలీ అదే నగరంలో భవనాలు కడుతున్నాడు. అతడు కట్టిన భవనంలోని భోజనశాలలో సంగటి, పులుసుకు పెట్టవలసిన వెల అతని దినసరి కూలిలో గణనీయమైన భాగం. అతని భోజనం గుడారం ముందు మూడు రాళ్ల పొయ్యి మీదనో, రోడ్డు పక్క బండి వద్దనో సాగుతుంది. ఒకే ఊరి నుండి ఒకే బస్సులో వచ్చినవారిని నగరం రెండు బల్లల వద్ద కూర్చోబెడుతోంది.

మూడవది బల్లకు, గడపకు ఉన్న దూరం. హోటల్లో ఒకే బల్ల వద్ద తిన్న మిత్రులు పండుగకు ఊరికి పోయినప్పుడు ఒకరి ఇంట ఒకరు అంతే స్వేచ్ఛగా పంక్తిలో కూర్చోగలరా అన్నది వేరే ప్రశ్న. నగరపు బల్ల కులాన్ని అడగదు. అడగనంత మాత్రాన కులం తొలగిపోదు.

8. ముగింపు

పూటకూళ్ల ఇంట వెల ఉన్నవానికి భోజనం దొరికింది. మెట్టకూటికి చోటు దొరకలేదు. గంజి కేంద్రంలో ఆకలి తీరింది, ఎంపిక లేదు. ఊరి హోటల్లో తినుబండారం ఎంచుకోవచ్చు. పక్కన కూర్చునే మనిషిని, కొన్నిచోట్ల గ్లాసును కూడా ఎంచుకోలేరు. నగరంలో మిత్రుల భోజనం తిండినీ, తోటివారినీ ఒకేసారి ఎంచుకొనే వీలు కల్పించింది. కరువు సీమ నుండి వచ్చినవారికి ఇది కేవలం కాలక్షేపం కాదు. అయితే ఆ వీలు జీతం ఉన్నవారికి మాత్రమే అందింది. రాగి పండించే రైతుకు గిట్టుబాటు ధర, ఆ రాగిని తిరిగి తన ఇంట వండుకోగల స్థితి, ఊరి హోటల్లో అందరికీ ఒకే గ్లాసు – ఇవి సమకూరిన నాడే సంగటికి నగరంలో దక్కిన గౌరవం అది పుట్టిన నేలకు కూడా చేరినట్లవుతుంది.